చొక్కాలు వెళ్లాయి, కోడికాళ్లు వచ్చాయి

ఆమెను అందరూ కోళ్లావిడ అనేవారు. మొగుడు పోయేనాటికి ఆమెకు మిగిలింది చంకలో ఒక ఆడపిల్ల, ఇంటి వెనక కాస్త ఖాళీ జాగా. ఆ జాగాలో రేకుల షెడ్డు వేసుకుని, గుడ్లు పొదిగించే పిల్లల కంపెనీ నుంచి కోడిపిల్లల్ని తెచ్చి పెంచి, బజారులో మాంసం కొట్లకు వేసేది. కొత్త పిల్లలు దిగినప్పుడల్లా మంచం షెడ్డులోకి మారేది. వేడి బల్బుల కింద అవి ఒకదాని మీద ఒకటి ఎక్కితే చలేస్తోందని గోనెపట్టాలు దించేది; నోళ్లు తెరుచుకుని గోడల వైపు పోతే పట్టాలు ఎత్తేది. ఇరుగమ్మలు వాసన గురించి సణిగితే, "మా ఇంటి అత్తరు ఇదే, ఊరికే పీలుస్తున్నారు, సంతోషించండి" అని నవ్వేసేది.

కూతురు పెద్దదై చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే పనిలో చేరింది. అక్కడ కుట్టిన చొక్కాలన్నీ ఓడెక్కి ఒక గొప్ప దేశానికి పోతాయి. "మా పిల్ల కుట్టు దొరలు మెడకు పెట్టుకుంటారు" అని తల్లి ఎదురైనవాళ్లందరికీ చెప్పుకునేది.

ఆమె కోళ్లను ఎక్కువగా కొనేది బజారు మలుపులో మాంసం కొట్టు నడిపే ఒకాయన. అక్కా, తమ్ముడూ అనుకునేంత పాత బేరం వాళ్లది. ఒకరోజు వెళ్లేసరికి కొట్టులో కోళ్ల బోనులుండే చోట పెద్ద ఫ్రీజరు కనిపించింది. నిండా అట్టపెట్టెలు. వాటిలో రాళ్లలా గడ్డకట్టిన కోడికాళ్లు.

"మిగతా కోడి ఏది తమ్ముడూ?" అని అడిగింది.

అతను నవ్వాడు. ఆ గొప్ప దేశంవాళ్లు ఛాతీ ముక్క తప్ప ముట్టరట. కోడి ఖరీదంతా ఆ ముక్కల మీదే వాళ్లకు వచ్చేస్తుంది, కాళ్లు ఇక్కడికి ఓడల్లో పంపి ఎంతకు అమ్మినా లాభమేనట. కొత్తగా ఏదో ఒప్పందం కుదిరి, మనవాళ్లు వాటి మీద పన్ను ఎత్తేశారట. అతను చెబుతుండగానే ముగ్గురు వచ్చి సంచుల్లో కాళ్లు వేయించుకుని పోయారు. బతికున్న కోడి ధర ఒక్కరూ అడగలేదు.

ఆమె మొదట ఇది నాలుగు రోజుల మురిపెం అనుకుంది. కానీ షెడ్డులో కోళ్లు ఎదిగి, అమ్మే వయసు దాటిపోయాయి. మేత మాత్రం తింటూనే ఉన్నాయి. ఒళ్లు బరువెక్కి నడవలేక కూలబడ్డాయి. ఎండ ముదిరేసరికి ఉన్నచోటే రొప్పుతూ చచ్చిపోసాగాయి. రేకుల మీద తడి గోనెలు కప్పింది, నీళ్లు చల్లింది. ఆ పని ఆపలేదు గానీ, దాంతో ఏమీ ఒరగదని ఆమెకు తెలుసు. ఒక మధ్యాహ్నం కొట్టాయన దగ్గరికి పోయి, సగం నీవి అమ్ముకో, సగం నావి అమ్మిపెట్టు అని బతిమాలింది.

"నేను మానేస్తే పక్క కొట్టువాడు అమ్ముతాడు. నా పిల్లలూ తినాలి కదక్కా. నన్నేం చెయ్యమంటావో నువ్వే చెప్పు."

అతను కూర్చోమని స్టూలు జరిపాడు. ఆమె కూర్చోకుండానే వచ్చేసింది.

ఆ కాళ్లు రాకుండా ఆపమని అడగడానికి కోళ్ల పెంపకందార్లంతా కలిసి సర్కారు పెద్ద ఆఫీసుకు వెళ్లారు. వాళ్ల సంఘానికి ఒక పెద్దాయన నాయకుడు. ఆమె కూడా వెంట వెళ్లింది. అక్కడి ఆఫీసరు మర్యాదస్తుడే. అందరికీ టీ తెప్పించి, చెప్పిందంతా విన్నాడు.

"మీ కష్టం నాకు అర్థమవుతోంది. కానీ మనం వాళ్ల సరుకు ఆపితే వాళ్లు మన చొక్కాలు ఆపుతారు. ఎన్ని వేల మంది ఆడపిల్లలు ఆ పని చేస్తున్నారో తెలుసు కదా?"

మిగతావాళ్లు గొంతు పెంచి వాదనకు దిగారు. కోళ్లావిడ మాత్రం టీ గ్లాసు బల్ల మీద పెట్టి వెనక్కి జరిగింది. ఆ వేల మందిలో ఒకతె ఇంట్లో అన్నం వండి తన కోసం ఎదురుచూస్తోంది. ఇంటికి రాగానే, ఏమన్నారమ్మా అని కూతురు అడిగితే, చూస్తామన్నారని చెప్పి కంచం ముందు కూర్చుంది.

చివరికి రేవుకు పోయే రోడ్డు మీద బైఠాయించారు. లారీలు బారులు తీరాయి. ఎండలో కూర్చున్న కోళ్లావిడకు కూతురు ఫోను చేసింది. సరుకు ఓడకు అందకపోతే ఆర్డరు పోతుందని, తమ కుట్టు లైను మొత్తాన్ని ఇంటికి పంపేస్తామని సూపర్‌వైజరు అంటున్నాడట.

"నువ్వు అక్కడే ఉన్నావా అమ్మా?" అని అడిగింది. లెమ్మని మాత్రం అనలేదు.

కోళ్లావిడ ఫోను కొంగున దోపుకుని లేచింది. ఎక్కడికమ్మా అని పెద్దాయన అడిగాడు.

"ఆ లారీల్లో నా కూతురి కూడుంది పెద్దయ్యా. నేను అడ్డం కూర్చోలేను. అలాగని మిమ్మల్ని లెమ్మనలేను."

పోయి రోడ్డు పక్క గట్టు మీద చతికిలబడింది. ఎవరూ తిట్టలేదు. ఎవరూ పలకరించలేదు కూడా. సాయంత్రానికి కమిటీ వేస్తామని కబురొచ్చింది, జనం లేచిపోయారు. లారీలు కదిలాయి. చొక్కాలు రేవులోకి పోతుంటే, గడ్డకట్టిన కోడికాళ్ల లారీలు బయటికొచ్చాయి.

కమిటీ ఏమైందో ఎవరికీ తెలియదు. మిగిలిన కోళ్లను ఆమె అయినకాడికి తెగనమ్మింది. షెడ్డు కడిగి సున్నం కొట్టి తలుపు వేసింది. కూతురి జీతంతో ఇల్లు గడిచింది. ఖాళీగా కూర్చుంటే పిచ్చెక్కుతోందని, తనూ ఫ్యాక్టరీలో దారాలు తుంచే పనికి చేరింది. చూపు ఆనక ఒకటికి రెండుసార్లు గుడ్డ కత్తిరించేసరికి అక్కడా మాన్పించారు.

ఆ తర్వాత గొప్ప దేశంలో ఏలికలు మారారు. బయటి చొక్కాల వల్ల తమవాళ్ల పనులు పోతున్నాయని వాటి మీద పెద్ద పన్ను వేశారు. ఆర్డర్లు సన్నగిల్లాయి, ఒక్కొక్క లైనే మూతపడింది. కూతురి లైను వంతు కూడా వచ్చింది. కోడికాళ్లు మాత్రం వస్తూనే ఉన్నాయి.

"మనకేం భయం? మళ్లీ కోళ్లు వేద్దాం," అంది తల్లి. బతికున్న కోడే కావాలనే వాళ్లు ఇప్పటికీ ఉన్నారని, వాళ్లకు అమ్మిపెడతానని కొట్టాయన కూడా మాటిచ్చాడు. తల్లీ కూతుళ్లు షెడ్డు శుభ్రం చేసి, నేల మీద కొత్త పొట్టు పరిచారు. మర్నాడు ఆమె బస్సెక్కి పిల్లల కంపెనీకి వెళ్లింది.

గేటుకు తాళం ఉంది. లోపల కుర్చీలో వాచ్‌మన్ ఒక్కడే ఉన్నాడు. కొనేవాళ్లు లేక ఎప్పుడో మూసేశారని, గుడ్లు పొదిగే యంత్రాలు తుక్కు కింద అమ్మేశారని చెప్పాడు. ఇంకెక్కడ దొరుకుతాయని అడిగింది. తనకు తెలిసి ఈ చుట్టుపక్కల ఎక్కడా లేవన్నాడు. దూరం నుంచి వచ్చావు, నీళ్లు తాగి వెళ్లమన్నాడు. తాగింది.

ఇంటికొచ్చేసరికి కూతురు షెడ్డులో బల్బులు వెలుగుతున్నాయో లేదో చూస్తోంది.

"ఎప్పుడిస్తామన్నారు?"

తల్లి గడపలో చెప్పులు విడిచి, పొట్టు మీదే కూర్చుంది.

"ముందు ఆ బల్బులు ఆర్పమ్మా," అంది.