సుడులు చూసి కొన్న గిటారు

ఆ రోజుల్లో అని మొదలుపెట్టాలంటే నెత్తిన కనీసం నాలుగు తెల్ల వెంట్రుకలైనా ఉండాలని మా అమ్మ అంటుంది. నాకింకా లేవు. అయినా నా డిగ్రీ చివరి ఏడాదిని తలుచుకుంటే అదెవరిదో పాతకాలపు బతుకులాగా అనిపిస్తుంది కాబట్టి, ఆ రోజుల్లో అనే అంటాను. ఆ రోజుల్లో కడపలో మేం నలుగురం కలిసి ఒక బ్యాండు పెట్టాం. బ్యాండుకు పేరుంది, పోస్టరుంది, లోపల గొడవలు కూడా ఉన్నాయి. వాయిద్యాలే సరిగ్గా లేవు. (మా డ్రమ్ములవాడు ఇంకా క్లాసు బెంచీ మీదే సాధన చేస్తున్నాడు.) కాలేజీ డే దగ్గర పడ్డాక మా కీబోర్డువాడు తేల్చి చెప్పేశాడు. శనివారానికి నా చేతిలో ఎలక్ట్రిక్ గిటారుంటే నేను బ్యాండులో ఉంటాను. లేకపోతే నా చోటికి ఇంకొకడొస్తాడు, వాడికి సొంత గిటారుంది, నాకంటే బాగా వాయిస్తాడు కూడా. ఆ చివరి మాట అనవసరం.

సెల్‌ఫోన్ల దుకాణంలో ఎండాకాలమంతా స్క్రీన్‌గార్డులు అతికించి నేను కూడబెట్టింది ఎనిమిది వేలు. ఫోనులో వెతికితే బద్వేలులో ఒకడు పాత గిటారు పన్నెండు వేలకు అమ్మకానికి పెట్టాడు. ఫొటోలో నల్లగా నిగనిగలాడుతోంది. అది పన్నెండుకు తగినదో, ఆరుకు తగినదో తేల్చే తెలివి నాకు లేదు. అప్పటిదాకా నేను వాయించింది స్నేహితుడి గిటారు, అదీ వాడు ఇంట్లో లేనప్పుడు. ఈ సంగతి అమ్మ చెవిన పడగానే రాజంపేటకు ఫోను చేసి తన అన్నను రమ్మంది.

మా సుడుల మామ ఎద్దుల బేరగాడు. ఒంటి మీది వెంట్రుకల సుడులు చూసి ఎద్దు గుణం చెబుతాడని ఆ పేరు. మా వాళ్లలో ఎవరు ఏది కొన్నా ముందు ఆయన చూడాలి. నాన్న స్కూటరునూ ఆయనే చూశాడు, అక్క మొగుడినీ ఆయనే చూశాడు. (స్కూటరు ఇంకా నడుస్తోంది. బావ సంగతి అక్కనడగాలి.) శుక్రవారం పొద్దున్నే భుజాన తుండుగుడ్డ, చేతిలో పసుపు రాసిన కొత్త పలుపుతో దిగాడు. తాడెందుకు మామా అంటే, "కొనేదానికి పోతా ఉత్త చేతుల్తో పోతారేమిరా?" అన్నాడు.

బద్వేలులో గిటారు అమ్మేవాడు నాకంటే రెండేళ్లు పెద్ద, తలకు పిలక. బెంగళూరులో ఉద్యోగమొచ్చి వెళ్లిపోతున్నాడట. అరుగు మీద వాళ్ల తాత కునుకు తీస్తున్నాడు. పిలకవాడు గిటారుకు కేబుల్ తీగ తగిలించి, తీగ రెండో కొస స్పీకరు పెట్టెకు గుచ్చి ఒక్కసారి మీటాడు. వీధిలో కుక్క లేచి వెళ్లిపోయింది. "గొంతుండాది," అన్నాడు మామ. తర్వాత గిటారును మంచం మీద పెట్టించి చుట్టూ తిరిగాడు. వీపు నిమిరాడు. మెడ ఎత్తి ఒంటికంటితో చూసి వంకర లేదన్నాడు. శ్రుతి చేసే మరలు చెవులనుకున్నాడేమో, ఒక్కొక్కటీ మెలిపెట్టాడు. వెనక రంగు లేచిపోయిన చోట చెక్కలో చిన్న ముడి కనిపించింది. దాని మీద వేలు పెట్టి, "ఈడ సుడి ఉండాదప్పా," అన్నాడు బరువుగా.

అది సుడి కాదంకుల్ అని పిలకవాడు అనేలోపలే తాత లేచి కూర్చున్నాడు. "కుడిపక్కనా, ఎడమపక్కనా?"

"కుడిపక్క."

"కుడిపక్క సుడి ఇంటికి శానా మంచిదప్పా. దర తగ్గేది లేదు."

ఆయనా ఒకప్పుడు సంతల్లో తిరిగిన మనిషేనట. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్న తీరులో ప్రేమ కనిపించింది. అప్పటినుంచి నేనూ పిలకవాడూ ఎవరికీ అక్కరలేకపోయాం. తుండుగుడ్డ కిందికి రెండు చేతులు దూరాయి. సంతలో పశువు ధర నోటితో చెప్పరు. పక్కవాళ్లకు తెలియకుండా గుడ్డ చాటున వేళ్లు పట్టి చెబుతారు. ఇక్కడున్న పక్కవాళ్లం ఇద్దరమే, ఒకడు అమ్మేవాడు, ఒకడు కొనేవాడు. నా ఎండాకాలమంతా ఆ గుడ్డ కింద కొట్టుకుంటోంది. మామ చెయ్యి విదిలించుకుని గడప దాకా పోవడం, తాత పిలవకపోవడం, మామ చెప్పులు వెతుక్కునే మిషతో తిరిగి రావడం. ఈలోగా పిలకవాడు నా చెవిలో, "నాకు ఎనిమిదైనా చాలు బ్రో, రాత్రికి బస్సుంది," అన్నాడు. నా దగ్గరున్నదీ అంతే అన్నాను. ఇద్దరం ధర కుదుర్చుకుని మరీ నోరు మూసుకుని కూర్చున్నాం. పెద్దవాళ్లు అంత సంతోషంగా ఉంటే ఆపడానికి మనసొప్పలేదు. ధైర్యం అంతకంటే లేదు.

చివరికి గుడ్డ తీశారు. ఏడున్నర. నేను సంబరంగా గిటారు ఎత్తుకుని, దాని భుజం పట్టీ, తీగ కూడా అందుకోబోయాను. తాత రెండింటి మీదా చెయ్యి వేశాడు. "పలుపు ఇయ్యం నాయనా. పలుపు పోతే మా గొడ్ల కొట్టానికి కలిసిరాదు."

దిక్కులేక మామ వైపు చూశాను. ఆయన అప్పటికే సిగ్గుతో చచ్చిపోతున్నాడు. "అమ్మినోళ్ల పలుపు యాడన్నా అడుగుతారంట్రా? మానం తీస్తాండావు," అని తన పసుపు తాడు తీసి గిటారు మెడకు ముడేశాడు. ఆ తీగ లేకపోతే అది పలకదు తాతా అని పిలకవాడు మొత్తుకున్నాడు. "పలకకుంటే మేలే కదప్పా. పొడిచేది గూడా ఉండదు," అన్నాడు తాత.

శనివారం కడప అంతా తిరిగితే ప్రతి దుకాణమూ తీగ సోమవారం వస్తుందంది. మైకుసెట్టాయన దగ్గరున్న ఒక్కటీ కీబోర్డుకు తగిలించారు. మెడలో పసుపు తాడుతో వేదికెక్కి పాటంతా నోరులేని గిటారు వాయించాను, కళ్లు మూసుకుని, తల ఊపుతూ. చప్పట్లు మోగాయి. మన బ్యాండు ఇంత బాగా ఎప్పుడూ వినపడలేదని కీబోర్డువాడు నన్ను కౌగిలించుకుని, బ్యాండులో ఉండిపొమ్మన్నాడు. ముందు వరసలోంచి మామ వచ్చి, "అంత జనంలో బెదరలేదు, అరవలేదు. ఏడున్నరకు ఇంకేం గావాల?" అన్నాడు.

తర్వాత తీగ కొన్నాను. నేను వాయించేది వినపడటం మొదలైంది, బ్యాండు విడిపోయింది. ఈ రెండింటికీ సంబంధం లేదనే నేను ఇప్పటికీ అంటాను.

మొన్న ఆ గిటారును అమ్మేశాను. రాయచోటి నుంచి ఒక అమ్మాయి వాళ్ల నాన్నతో వచ్చింది. తుండుగుడ్డ లేదు, గడప దాకా పోయి రావడాలు లేవు, ఫోనులో డబ్బు టింగుమంది. అంత సులువుగా కుదిరితే అది న్యాయమైన ధరేనా అని ఇప్పటికీ అనుమానమే. ఆ అమ్మాయి తీగ అందుకోబోతే నా చెయ్యి ముందే దాని మీదుంది. "అది ఇవ్వం," అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. ఆమె నన్ను వింతగా చూసింది. వాళ్ల నాన్న మాత్రం, "అడగగూడదు తల్లీ," అని మెల్లగా కసిరి, సంచిలోంచి కొత్త తీగ తీశాడు. దాని కొసకు పసుపు రాసి ఉంది.

ఇప్పుడు మా ఇంట్లో గిటారు లేదు. గోడకు మేకుంది, మేకుకు తీగ వేలాడుతోంది. కొట్టానికి ఎప్పుడు కలిసొస్తుందా అని ఎదురు చూస్తున్నాను.