నెమలికంఠం రంగు పీలిక

భద్రాచలం నుంచి వచ్చి మా గల్లీ మలుపులో రిక్షా దిగుతుండగానే హోటల్ బస్సు డ్రైవర్ ఎదురొచ్చాడు. “చాచా పోయిండక్కా. నిన్ననే మట్టిచ్చినం,” అన్నాడు. నా చేతిలో సంచి అలాగే ఉండిపోయింది. నాలుగు రోజుల కిందట దాన్ని భద్రాచలం బస్సు మీదికి ఎక్కించింది చాచానే. మొన్న పొద్దున హోటల్ బస్సు నిచ్చెన మీద ఒక కాలు పెట్టినవాడు ఛాతీ పట్టుకుని కూర్చున్నాడట. మళ్లీ లేవలేదట. ఇది రాస్తున్నా నాకు నమ్మకం కుదరడం లేదు.

మా ఊళ్లో రైలు దిగి హోటల్ బస్సు ఎక్కినవాళ్లు మీలో ఉంటే, మా పక్కింటి చాచాను చూసే ఉంటారు. సామాన్లు బస్సు పైకి ఎక్కించడం, దించడం ఆయన పని. ఒకే బస్సు మూడు చోట్ల ఆగేది: హనుమకొండ హోటల్, సుబేదారి గెస్ట్‌హౌస్, చివరికి అడవిలో చెరువు పక్కనున్న విడిది. చదువు రాని చాచా ప్రతి పెట్టెకూ గుడ్డ పీలిక కట్టేవాడు. హోటల్‌కు ఎరుపు, సుబేదారికి నీలం, చెరువుకు ఆకుపచ్చ. ఆ పీలికలు నా కుట్టుమిషను కింద పడే ముక్కలే. శుక్రవారం నమాజు ముగించుకుని వచ్చి, గడప దగ్గరే నిలబడి తీసుకునేవాడు.

“మనిషి తప్పిపోతే అడుక్కుంట అడుక్కుంట వస్తడు బేటీ. పెట్టెకు నోరుంటదా?” అనేవాడు.

చాలా ఏళ్ల కిందట, పెళ్లిళ్ల రోజుల్లో, ఆకుపచ్చ గుడ్డ అయిపోయింది. చేతినిండా కుట్టుపని. నెమలికంఠం రంగు జాకెట్టు ముక్కలు చింపి ఆకుపచ్చ కట్టలో కలిపేశాను. ఆ రంగు నీడలో ఆకుపచ్చ, ఎండలో నీలం. మిట్టమధ్యాహ్నం, చెరువుకు పోవాల్సిన ఒక పెద్దావిడ పెట్టె సుబేదారిలో దిగిపోయింది. ఆమె చక్కెర జబ్బు మందు అందులోనే ఉంది. చాచా లారీ పట్టుకుని పెట్టెను చేర్చేసరికి ఆమె సొమ్మసిల్లి ఉందట. బతికింది. మేనేజరు మాత్రం చాచాను రెండు నెలలు బస్సు ఎక్కనివ్వలేదు, హోటల్లో ఊడ్పు పనికి పెట్టాడు.

“నా కండ్లకు మసకలు కమ్మినయ్ సార్, అని ఒప్పుకున్నడక్కా,” అని డ్రైవరే చెప్పాడు. నేను తలుపు పట్టుకుని విన్నాను. తప్పు నాదని ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత చాచా మామూలుగానే వచ్చాడు. కానీ ప్రతి పీలికనూ వాకిట్లోకి పట్టుకుపోయి, “జర ఎండల చూద్దాం బేటీ,” అనేవాడు. నవ్వేవాడు. నా సంగతి ఆయనకు తెలుసో లేదో ఆ నవ్వులో తేలేది కాదు. పూజలో కూర్చున్నప్పుడల్లా అదే గుచ్చుకునేది.

నేను బయల్దేరిన రోజు బస్టాండు దాకా సంచి మోసుకొచ్చాడు.

“మూడు రోజులకు ఇంత బరువా? రాముల వారికి ఇల్లే మోస్కపోతున్నవా?”

“మెల్లగ చాచా, కొబ్బరికాయలున్నయ్.”

“ఇన్నేండ్ల సంది ఎత్తుతున్న, నాకే చెప్తవా?” జేబులోంచి దుమ్ము పట్టిన పాత పీలిక తీసి సంచికి కట్టాడు. “నీ సంచి ఆ మూడు తావులకు పోదు గద. దీనికి వేరేది దాచిన. ఇప్పకు, వచ్చినంక నేనే ఇప్పుత.”

గోదావరిలో మునిగి, స్వామి ముందు నిలబడి, ఊరు చేరగానే చాచాకు అంతా చెప్పేస్తానని ఒట్టు పెట్టుకున్నాను. ప్రసాదం ఆయనకని విడిగా కట్టించాను.

ఇంటికొచ్చి సంచి వాకిట్లో దించాను. ముడి దగ్గర దుమ్ము వేలితో తుడిచాను. ముడతలోపల రంగు ఇంకా కొత్తగానే ఉంది. అంచున నా చేతి కుట్టు.

ముడి విప్పలేదు. సంచిని ఎండలోకి జరిపాను. నీలం. పైన చెయ్యి అడ్డం పెట్టాను. ఆకుపచ్చ.