మా నాయన చెప్పిన సమాధానం

మా చిన్నప్పుడు... శనివారం పొద్దున్నే అమ్మ సత్తు గిన్నెలో ఎండుద్రాక్ష నానబెట్టిందంటే, మర్నాడు గుడిలో ప్రభువు బల్ల, అదే రొట్టే ద్రాక్షరసం తీసుకునే ఆరాధన, ఉందని మాకు తెలిసిపోయేది. విడవలూరు అవతల, సముద్రపు గాలికి ఉప్పు వాసన కొట్టే ఊరు మాది. అప్పటికి కరెంటు లేదు. గుడి అంటే తాటాకు పాక, గంట అంటే వేలాడదీసిన రైలు పట్టా ముక్క. బల్లకి రొట్టె ఎవరైనా కాల్చేవాళ్లు గానీ, ద్రాక్షరసం మాత్రం మా అమ్మే పిసకాలి. పిప్పి మా పిలకాయలకి. మా భక్తి అక్కడ మొదలైంది...

అమ్మా, మా పెదనాయనా ముందే యేసుని నమ్ముకున్నారు. పెదనాయన సంఘపెద్ద కూడా. మా నాయన మాత్రం చాలా ఏళ్లు గుడి గడప తొక్కలేదు. అమ్మ పిసికిన రసం ఊరంతా తాగింది, ఇంటాయన తప్ప. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పేది కాదు, మోకాళ్ల మీద ఉన్నప్పుడు దేవుడికి తప్ప. అది కూడా మాకు వినపడేట్టే చెప్పేది.

చివరికి ఆయనా నమ్ముకున్నాడు. ఉప్పుకాలవలో బాప్తిస్మం అయింది. ఇక వచ్చే ఆదివారం మొదటి బల్ల... అక్కడ పాస్టరు అయ్యగారు ఆపారు.

"మీ అన్నతో సమాధానపడు నాయనా. అప్పుడు రా బల్లకి. రొట్టె పళ్లెం పట్టుకొచ్చేది ఆయనే కదా."

అన్నదమ్ములకి మాటల్లేవు. ఒకప్పుడు ఇద్దరి వరి కయ్యల మధ్య గట్టు, అదే గెనిమ, తెగి, పెదనాయన నీళ్లన్నీ మా కయ్యలోకి వచ్చేశాయి. "తెంచింది నువ్వేనా రా?" అని ఆయన నలుగురి ముందూ అడిగాడు. మా నాయన జవాబివ్వకుండా పార భుజాన వేసుకుని ఇంటికొచ్చేశాడు. అంతే. రెండిళ్ల మధ్యా దడి లేచింది. ఆ దడిలోంచి కోళ్లు దూరేవి, మేము దూరేవాళ్లం, కూరగిన్నెలు దాటేవి... ఆ ఇద్దరి మాటలు తప్ప.

గుడికి కొత్త కాబట్టి మా నాయనకి గుడి తెలుగు ఇంకా వంటబట్టలేదు. మారుమనస్సు అంటే ఎడ్ల బేరంలో మాట మార్చడం అనుకున్న మనిషి. ఆ శనివారం తలగుడ్డ చుట్టుకుని హుషారుగా బయల్దేరాడు.

"అయ్యగారే చెప్పినాడు మే. అన్నకి సమాధానం చెప్పేసొస్తా."

అమ్మ చెయ్యి ద్రాక్షలో ఉన్నది ఉన్నట్టే ఆగింది. "చెప్పమన్లేదయ్యా, పడమన్నారు. సమాధానం అంటే శాంతి. బైబిల్లో అంతే."

"బైబిల్లో ఒకటి, బళ్లో ఒకటా? మూడో క్లాసు దాకా నాకు చెప్పడమే నేర్పినారు గానీ పడడం నేర్పలా."

"ఆడికి పోయి గొడవ పెట్టుకోమాకయ్యా. రేపు బల్ల."

"చెప్పేది చెప్తే, పడేది అదే పడతాది లే."

ఆయన ముందు, రసం కారే చేతుల్తో అమ్మ వెనక, అమ్మ వెనక మేమందరం. దడి సందులోంచి చూస్తే పెదనాయన వాకిట్లో పగ్గం పేనుతున్నాడు.

"అన్నా."

పగ్గం ఆగింది.

"ఆ పొద్దు నన్నొక మాట అడిగినావు. సమాధానం చెప్పేదానికొచ్చినా."

"చెప్పు."

"గెనిమ నేను తెంచలా. ఎండ్రకాయలు బొక్కలు పెట్టినాయి."

పెదనాయన పగ్గం ఒళ్లో పెట్టుకున్నాడు. "తెలుసురా. మర్నాడు నేను గూడా చూసినా ఆ బొక్కలు."

"చూసి?"

"నీ దగ్గరికి వచ్చే ధైర్యం చాలలా."

"సంఘానికి పెద్దోడివి, నీకు చాలలేదా?"

"పెద్దోణ్ణి గాబట్టే చాలలేదురా. అట్టా నలుగుర్లో అడగడం నాదే తప్పు."

మా నాయన దగ్గర ఇంకా చాలా సమాధానాలు ఉన్నట్టున్నాయి, దడి దాకా గొణుక్కుంటూనే వచ్చాడు. అవన్నీ ఏమయ్యాయో... తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు.

లోపల్నుంచి పెద్దమ్మ అంది: "ఆ ఎండ్రకాయల్ని ఆ పొద్దే పులుసు పెట్టుంటే ఇంత దూరం వచ్చేది గాదు గదా."

ముందు పెదనాయన నవ్వాడు. ఆ తర్వాత మా నాయన పోయి ఆయన పక్కన కూర్చుని పగ్గం రెండో కొస పట్టుకున్నాడు.

మర్నాడు పెదనాయన రొట్టె పళ్లెం పట్టుకుని వరసలో వచ్చాడు. తమ్ముడి దగ్గరికి వచ్చేసరికి పళ్లెం ఆగిపోయింది. మా నాయన ఒక చేత్తో అన్న మణికట్టు పట్టుకుని, రెండో చేత్తో రొట్టె ముక్క తీసుకున్నాడు.

ఇంటికొస్తూ అమ్మతో అన్నాడు: "రసం కొంచెం పల్చగా ఉండాది మే."

దేనికైనా ఒకటికి రెండు అనే మా అమ్మ ఆ రోజు కొంగుతో మొహం తుడుచుకుంటూ ముందు నడిచింది.

సంగతి విని అయ్యగారు నవ్వారు. "ఇన్నేళ్లూ నేను సగమే బోధించానన్నమాట" అన్నారు. ఆ తర్వాత ఎవరికి గొడవొచ్చినా, "ముందు చెప్పుకోండి, తర్వాత పడండి" అనేవారు. నేను అప్పటి నుంచి చాలా ప్రసంగాలు విన్నాను, కొన్ని నిద్రలో కూడా విన్నాను. నా నమ్మకం మాత్రం ఆ తాటాకు దడి దగ్గరే వేరు పట్టింది. ఇప్పటిదాకా కదల్లేదు.

ఇప్పుడు మా ఊరి గుడికి స్లాబు పడింది, మైకులున్నాయి, ఫ్యాన్లున్నాయి. రసం సీసాల్లో వస్తోంది... చిక్కగానే ఉంటుంది. పక్క పక్క కుర్చీల్లో కూర్చున్నవాళ్లకి మాటలున్నాయో లేదో ఎవరూ అడగరు. పళ్లెం ఎవరి దగ్గరా ఆగిపోకుండా చకచకా వెళ్లిపోతుంది.

"నువ్వు ఆగు, ముందు ఆ మనిషి దగ్గరికి పోయి రా" అని మిమ్మల్నో మీ ఇంట్లోవాళ్లనో ఆపిన అయ్యగారు ఎవరైనా ఉంటే, కింద రాయండి. అలా ఆపడానికి మనిషి మీద ఎంత ప్రేమ ఉండాలో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది...