పొర అవతలి ఒత్తిడి

చనిపోయి నాలుగు నెలలైనా మేనమామ ఆమెతో రోజూ మాట్లాడుతూనే ఉన్నాడు. లెక్క పూర్తికాగానే కంప్యూటర్ ఆయన గొంతుతో చెబుతుంది: "అయిందమ్మాయ్, చూసుకో." బతికుండగా సరదాకి రికార్డు చేసి ప్రోగ్రాంలో పెట్టాడు. తీసేయడానికి ఆమెకు చేతులు రాలేదు. ఒక్కోసారి పొద్దున గది తాళం తీస్తుండగానే లోపల్నుంచి వినిపిస్తుంది, చివర్లో చిన్న దగ్గుతో సహా. ముందురోజు వదిలి వెళ్లిన లెక్క అప్పుడే ముగిసి ఉంటుంది. తెలిసినా తలుపు తోయడానికి జంకుతుంది.

హైడ్రోజన్ రియాక్టర్లను కట్టకముందే లెక్కల్లో నడిపి చూడటం ఆమె ఉద్యోగం. గొట్టంలో సహజవాయువు, నీటిఆవిరి కలిసి హైడ్రోజన్ పుడుతుంది. పల్లాడియం అనే లోహపు పొర దాన్నొక్కదాన్నే అవతలికి వదులుతుంది. ఎంత వదులుతుందో చెప్పే సమీకరణం ప్రోగ్రాంలో మేనమామ రాసిందే. ప్రయోగశాలలోని చిన్న గొట్టంతో ఏళ్ల తరబడి సరిపోయింది. దాన్ని నమ్మే ఇప్పుడు పెద్ద రియాక్టర్ కడుతున్నారు.

"రేపట్నుంచి గొట్టాలు కోసేస్తానమ్మా," అన్నాడు గుమ్మంలో నిలబడ్డ వెల్డరు. "కోశాక మళ్లీ అతకమంటే నా వల్ల కాదు."

"ఒక్క లెక్క చూసి చెబుతా, ఉండు."

"మీ మావయ్యా ఇంతే. పొరతో పనిచేసేవాడికి పొరపాటంటే హడలు అనేవాడు."

ఆమె నవ్వలేదు. చిన్న గొట్టంలో పొర దాటిన హైడ్రోజన్‌ను నైట్రోజన్ ఊది ఎప్పటికప్పుడు తోసేస్తారు. అందుకే అవతల దాని ఒత్తిడి దాదాపు సున్నా. పెద్దదాంట్లో ఆ ఊదడం లేదు, అవతలా ఒత్తిడి పేరుకుంటుంది. పొర ఎంత వదులుతుందన్నది రెండువైపుల ఒత్తిళ్ల వర్గమూలాల తేడాను బట్టి ఉంటుంది. ఒత్తిడి ఇవతల తొమ్మిది, అవతల నాలుగు అనుకుని కాగితం మీద వేసింది. వర్గమూలాలు మూడు, రెండు. తేడా ఒకటి. ప్రోగ్రాం మాత్రం రెండుకు పైనే చూపిస్తోంది.

మావయ్య ముందు ఒక ఒత్తిడిలోంచి రెండోది తీసివేసి, ఆ తర్వాత వర్గమూలం తీశాడు. అవతల సున్నా ఉన్నన్నాళ్లూ ఎలా చేసినా జవాబు ఒక్కటే.

దిద్దితే ఆయన బతుకంతా కలవరించిన రియాక్టర్ ఆగిపోతుంది. దిద్దకపోతే అది లేచి నిలబడుతుంది, అనుకున్నంత ఇవ్వదు. ఆయన ఖాళీ కుర్చీ వైపు చూడకుండా ఆ పంక్తి మార్చి, మళ్లీ నడిపింది.

"అయిందమ్మాయ్, చూసుకో." దగ్గు. తప్పు లెక్కకూ ఇదే ధీమా.

"కోయమంటారా?" అన్నాడు వెల్డరు.

"ఆపెయ్."

"పైవాళ్లు ఎందుకని అడిగితే?"

ఆమె తెరను అతని వైపు తిప్పింది. గంటకు వంద కిలోల హైడ్రోజన్ ఉండాల్సిన చోట నలభై ఒకటి.