నదుల మ్యాప్ వెనక గోడ

అశోక్‌నగర్‌ల గ్రూప్స్‌కు చదువుతున్నప్పుడు, బాత్రూం పైపు లీకై నా కిరాయి రూం గోడకు నల్ల బూజు పట్టింది. చూడలేక దాని మీద నదుల మ్యాప్ అతికించిన. దగ్గుకుంటనే ఆర్నెల్లు ఉపనదులు బట్టీపట్టిన. దగ్గు దుమ్ముకనుకున్న. ఒకనాడు మ్యాప్ తడికి ఊడి పడ్డది. వెనక గోడంత నలుపే. ఇన్నొద్దులు దాన్ని దాచి పెంచింది నేనే.

"రంగేపిస్త, ఏంగాదు బిడ్డా" అన్నది ఓనరమ్మ.

"పైపు మార్చినంకనే రంగు" అన్న.

చిక్కడపల్లి పోయి ప్లంబరన్నను నేనే ఎంటబెట్టుకొచ్చిన. పైపు మారింది. ముక్కుకు గుడ్డ కట్టుకొని, బూజు పట్టిన ప్లాస్టర్‌ను ఇటుక కనపడేదాక గీకిన.

కొత్త ప్లాస్టర్, రంగు అయినంక, "ఇగ నీ మ్యాప్ అతికించుకో" అన్నది ఓనరమ్మ.

"వద్దమ్మా. కింద పరుచుకొని చదువుకుంట. ఈ గోడ మొఖం నాకు రోజూ కనపడాలె."