మూటల కాటా, డ్రిల్లు మేడం

భుజానికి ఆ నొప్పుల మందు పూసుకోని వచ్చి కూచున్నావు గదా మౌనీ, ఆ వాసన ముక్కుకు తగిలితే చాలు, నాకు మన మిద్దె మీది గది గుర్తొస్తాది. పొద్దుగూకే యాళకు మెట్ల మీద నుంచి అచ్చం ఇదే వాసన దిగొచ్చేది. ఈ పొద్దు ఆయమ్మ గురించే రాయి. నేను చెప్పింది చెప్పినట్టే రాయి, మీ నాయన మాట వచ్చినప్పుడు గూడా. మీ నాయనను కన్న జేజిని, నా మాట దిద్దొద్దు.

ఎర్రగుంట్లలో మాది బియ్యం, శనక్కాయల అంగడి. పైనుండే గదిని నువ్వు అప్పుడు చదివే బడికి కొత్తగా వచ్చిన డ్రిల్లు మేడంకు బాడుక్కిచ్చినాము. పేరు లలిత. మంత్రాలయం తట్టు పిల్ల. పెద్ద ఎత్తు గూడా కాదు, నడిస్తే మాత్రం నేలను గట్టిగా పట్టుకోని నడిచేది. వచ్చిన దినమే, రెండు పక్కలా కొన తేలిన బంతి ఒకటి చంకలో పెట్టుకోని ఆటో దిగింది.

"ఇదేందమ్మా, బొప్పాయి కాయ మాదిరి" అన్నా.

"రగ్బీ అవ్వా. మీ ఊరి ఆడపిల్లోళ్లకు నేర్పిస్తా" అనింది.

నిన్ను సెంటరులో, అదే జట్టు నడిమి చోట్లో, ఆడిస్తాండాదని తెలిసినాక ఒక సాయంత్రం అడిగినా. ఇద్దరం శనక్కాయలు ఒలుస్తా కూచోనుంటిమి. "దానికి ఎట్లాంటి ఒళ్లు కావాలమ్మా? మా మౌనికి ఉండాదా?"

"మరీ బక్కదైతే గుద్దితే పడిపోతాది, మరీ లావుదైతే చటుక్కున తిరగలేదు. తొడల్లో సత్తువుండాల, భుజం గట్టిగుండాల. అడుగేస్తానే వడి అందుకోవాల. ఈ ఆటలో బంతిని ముందుకు విసరకూడదవ్వా, పక్కకో ఎనక్కో అంతే. అందుకని రెండు తట్లకూ ఈయడం రావాల. ఇద్దరు మీదికొస్తాంటే కండ్లు మూసుకోకుండా రానియ్యాల. తగిలే ముందర బంతిని పక్కనుండే దానికి ఇచ్చేయాల."

"అంటే దెబ్బ నీకు, పేరు దానికి."

"అంతే అవ్వా."

"దీనికి మైదానమెందుకమ్మా. ఏ ఇంట్లో చూసినా కోడండ్లు ఆడేది ఇదే గదా."

పకపకా నవ్వింది. "కోడండ్లకు పక్కన ఎవురూ పరిగెత్తరవ్వా. అదే తేడా."

"మరి ఈడ గూడా పక్కన ఎవురూ లేకుండా పోతే?"

"పడేటప్పుడు బంతిని మన తట్టుకు పెట్టి పడాల. ఎనక నుంచి మనోళ్లొచ్చి తీసుకుంటారు." ఎంత నమ్మకంగా చెప్పిందో.

కర్నూల్లో మ్యాచ్ అనంగానే బడి కమిటీ పెద్దాయన దిగినాడు. ఆయన కూతురు గూడా జట్టులో ఉండాది గదా, అదే సెంటరు ఆడాలంటాడు. మీ అందర్నీ తోలుకొచ్చి మన అంగట్లో మూటల కాటా ఎక్కించినాడు. ఏండ్ల తరబడి శనక్కాయల మిల్లు నడిపినోడు, ఏది ఎక్కువ తూగితే అదే మేలని ఆయన లెక్క. ఆ పాపే ఎక్కువ తూగింది. తలకాయ దించుకోని దిగింది, పాపం.

"చూసినావా మేడం, ఇంగ మాట్లాడేదేముండాది" అన్నాడు.

"మూటైతే మీరు చెప్పినట్టే సార్. పాపకు ముందు వరసలో మంచి చోటుండాది, ఆడ ఈ బరువే కావాల. సెంటరు మాత్రం మౌనిక."

నేను అటు తిరిగి నవ్వినా. మీ నాయన నవ్వలేదు. పెద్దాయన మిల్లు నుంచే గదా మనకు సరుకు. ఆ సాయంత్రమే మెట్లెక్కి పోయి, కన్నకూతురైన నిన్ను తీసేసి ఆ పాపను ఆడించమని మేడంను అడిగింది మీ నాయనే. రాయి. చెయ్యి నిలపొద్దు.

మీరు కర్నూలుకు పోయే పొద్దున, నీకు పెరుగన్నం డబ్బా ఇద్దామని నేనూ వస్తి. బడి గేటు కాడ పెద్దాయనా మీ నాయనా ఇద్దరూ చెరో తట్టు నుంచి ఆయమ్మ మీదికి పోయినారు. "నీ ఉద్యోగం ఉండదు" అంటాడు ఆయన. "గది ఖాళీ చేయాల్సొస్తాది" అంటాడు మీ నాయన. ఆయమ్మ కన్ను గూడా ఆర్పలేదు. వాళ్లకు ఎదురుగా నిలబడి వింటానే, ఎనక చెయ్యి ఊపి నిన్ను బస్సెక్కమనింది. జట్టు పేర్లు ముందే కర్నూలుకు చెప్పిపెట్టిందంట. వీళ్లు తిరిగి చూసేతలికి బస్సు మలుపు తిరిగింది. మీతో రావాల్సిన ఆయమ్మ మాత్రం గేటు కాడనే నిలిచిపోయింది.

మీరు గెలిచి వచ్చినారు. బడిలో మీటింగు పెట్టి పెద్దాయనకు శాలువా కప్పినారు. ఆ వారంలోనే మేడంను తీసేసినారు. చప్పట్లు కొట్టిన అమ్మానాయనల్లో ఒక్కరు గూడా ఎందుకని అడగలేదు. నేను బడికి పోయి అడిగితే, "నీకెందుకవ్వా, ఇంటికి పో" అన్నారు. మీ నాయన వచ్చి చెయ్యి పట్టుకోని ఇంటికి తోలుకొచ్చినాడు, తప్పిపోయిన గొడ్డును తోలినట్టు.

ఆయమ్మ పెట్టె సర్దుకుంటాంటే నువ్వొక్కదానివే పోయి బట్టలు మడిచిస్తాంటివి, నేనూ పోయి పక్కన కూచున్నా. "మనోళ్లొస్తారంటివే అమ్మా. యాడొచ్చినారు?" అన్నా.

"మౌని వచ్చింది గదవ్వా" అనింది.

ఒక్కదానివి వస్తే సరిపోతాదా? అంత ఊర్లో ఒక్క పిల్లా? ఆ కోపం నాకు ఇంకా ఆరలేదు. ఆయమ్మ ఇప్పుడు యాడుండాదో, బంతి పట్టుకుంటాండాదో లేదో గూడా తెలీదు. మీ నాయన అంగట్లో నువ్వు ఆటలో గెల్చుకున్న కప్పుల ఫోటో గోడకు కొట్టి, వచ్చినోళ్లకంతా చూపిస్తాడు. మిద్దె మీది గదిలో మూటలేసినాడు. కాటా మాత్రం కిందనే, నేను కూచునే చోటికి ఎదురుగానే ఉండాది. అంగడికొచ్చిన ఆడపిల్లోళ్లు నవ్వుకుంటా దాని మీదికెక్కి బరువు చూసుకోబోతారు. నేను ఎక్కనియ్యను. అది మూటలకమ్మా, దిగు అంటా.