భీముడికి కోడి, బీమాకి మేక

మోటారు బీమా ఖరీదు దేన్ని బట్టి పెరుగుతుంది, దేన్ని బట్టి తగ్గుతుంది అని ఇప్పటి కుర్రాళ్ళు నన్ను అడుగుతుంటారు. జీవితమంతా స్టీరింగు పట్టుకున్నవాడికి తెలిసే ఉంటుందని వాళ్ళ నమ్మకం. తెలుసు. ఆ పాఠం నాకు అరకులో, మిషను బంగళా ముందు, పట్టపగలు చెప్పారు. పాఠం చెప్పడానికి నల్లబల్ల కావాలి కదా, ఆ నల్లబల్ల నేనే.

పంతొమ్మిది వందల ఇరవైల నాటి మాట. మన్యంలో ఫితూరీ, అదే తిరుగుబాటు, అణిగిపోయింది. రైలు పట్టాల కిందకి గుగ్గిలం దుంగలు కావాలని పల్లం నుంచి కంట్రాక్టర్లు ఒకరి వెనక ఒకరు కొండెక్కి వస్తున్నారు. మా కంట్రాక్టరు వాళ్ళలో ఒకడు. ఆయన మోటారు కొన్నాడు గాని నడపడం రాదు. నాకు వచ్చు. మిషను దొర తన మోటారు తుడవడానికి నన్ను పెట్టుకుని, తర్వాత నడపడం నేర్పి, లైసెన్సు ఇప్పించి, తన దేశం వెళ్ళిపోయాడు. అలా కొండవాణ్ణయిన నేను కంట్రాక్టరు మోటారుకి డ్రైవరునయ్యాను. ఆ రోజుల్లో ఆ సీటులో కూర్చున్నప్పుడు నాకు కలిగిన గర్వం మళ్ళీ ఎందులోనూ కలగలేదు. దాన్ని పోగొట్టుకోవడమంటే ఏమిటో కూడా అంతే బాగా తెలిసింది.

నాకు పెళ్ళయి యేడాది. మా మామ మిషనులో ఉపదేశి. పాదిరీలు లేనప్పుడు ప్రసంగం చెప్పేదీ, తప్పు చేసినవాళ్ళని సంఘం నుంచి వెలివేసేదీ ఆయనే. నా భార్య మిషను బడిలో ఆడపిల్లలకి అక్షరాలు నేర్పేది. మేముండే గది మిషనుది. అంటే నా తల మీద కప్పూ, నా భార్య ఉద్యోగమూ మామ నోటి మాట మీద నిలబడి ఉండేవి. మామ చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే ఎంత బాగుండేదో. చెడ్డవాణ్ణి బతిమాలుకోవచ్చు, లంచమివ్వచ్చు. నిజాయితీపరుణ్ణి ఏం చేస్తాం?

కంట్రాక్టరు మోటారు వెనకసీటు ఊడదీయించాడు. పొద్దున్నే కూలీలని అందులో కుక్కి అడవికి తీసుకెళ్ళేవాణ్ణి. దయ అనుకునేరు. నడిచి వస్తే పని ఆలస్యమవుతుందని. కూలీల్లో ఒక ముసలాయన ఉండేవాడు. తన ఊళ్ళో పూజలు చేసేవాడు. అతనూ, అతని కోడలూ ఎప్పుడూ నా వెనకే కూర్చునేవారు. ఘాటు రోడ్డులో మలుపు వచ్చినప్పుడల్లా ముసలాయన నా భుజం మీద చెయ్యి వేసేవాడు. ఎందుకని అడిగితే, బండి పడకుండా పట్టుకున్నానని చెప్పేవాడు.

ఒకనాడు సంతలో కంట్రాక్టరు అందరూ వినేలా గొప్పలు పోయాడు.

"పట్నం నుంచి ఏజెంటు గారొత్తన్నాడు. నా బండికి బీమా సేత్తాడు. ఇంక లోయలో పడిపోయినా నాకేటీ బెంగ నేదు."

మర్నాడు మోటారెక్కుతూ ముసలాయన అడిగాడు.

"బాబు బండికి భీముణ్ణి పెడతాడట కదేటి?"

మా కొండల్లో భీముడంటే వాన దేవుడు. విత్తనం చల్లే ముందు ఆయనకి కోడి పడాలి. నాకు నవ్వొచ్చింది.

"ఆ భీముడు కాదు తాతా. బీమా. పట్నంలో కంపినీ. ఏడాదికోపాలి ఇచ్చుకుంటే, బండికి ఏటైనా అయితే ఆలు సూసుకుంటారు."

"అదే కదేటి భీముడంటే. ఏడాదికోపాలి ఇచ్చుకుంటాం, ఆయన సూసుకుంటాడు."

నేను బండి స్టార్టు చేసే హ్యాండిలు చేతిలోకి తీసుకున్నాను.

"బండికి సరే," అన్నాడు ముసలాయన. "నీకేటైనా అయితే?"

"నాకు నేదు."

"ఎనకాల మాకో?"

"మీకూ నేదు."

"మరైతే ఆడు సిన్న దేవుడే," అని తేల్చేశాడు. "మనోడికి మనం సెప్పుకుందాం."

ఏజెంటు వచ్చే రోజు పొద్దున్నే ముసలాయన కోడిపుంజును చంకలో పెట్టుకుని వచ్చాడు. తన ఇంటి కోడే. అది కూస్తే ఊరంతా లేచేదని కోడలు చెప్పింది. బండి ఎవరు నడుపుతారో వాళ్ళు దాని కాళ్ళు పట్టుకోవాలట. నేను క్రైస్తవుణ్ణి. ఆదివారం గుడి తప్పేవాణ్ణి కాదు, పాటలు గట్టిగా పాడేవాణ్ణి. కాని నా ప్రాణం కోసం ఒక ముసలివాడు తన కోడిని తెస్తే దాని కాళ్ళు పట్టుకోననేటంత క్రైస్తవుణ్ణి కాను. పట్టుకున్నాను. కత్తి ఆడింది. రక్తం ముందు చక్రం మీదా, మడ్‌గార్డు మీదా పడింది. వాళ్ళు వెళ్ళాక బండిని గెడ్డ నీళ్ళలో దింపి కడిగాను. పైన పోయింది. మడ్‌గార్డు లోపలి అంచుకి ఎండిపోయింది మాత్రం పోలేదు. నేను చూడలేదు.

ఏజెంటు గారు మోటారుకి బీమా చేయడానికి ఎడ్లబండిలో దిగాడు. కొండ మీద మంచం ఉన్న చోటు మిషను బంగళా ఒక్కటే కనక అక్కడ బస. మామ దగ్గరుండి వేణ్ణీళ్ళు కాయించి, గుడ్లు ఉడికించి పెట్టించాడు. తిన్నాక ఏజెంటు బయటికొచ్చి మోటారు చుట్టూ తిరిగాడు. కంట్రాక్టరు ఆయన వెనకాల తిరిగాడు. మామ మెట్ల మీద నిలబడ్డాడు. నేను హ్యాండిలు పట్టుకుని బానెట్టు దగ్గర నిలబడ్డాను.

ఆయన మొదట బండి ఖరీదు అడిగాడు. ఎన్ని గుర్రాల బలం అని అడిగాడు. రాత్రిళ్ళు ఎక్కడ పెడతారు, షెడ్డుకి తలుపుందా, ఫితూరీలాంటివి మళ్ళీ వచ్చే సూచనలున్నాయా అన్నాడు. ఘాటు రోడ్డు అనగానే పెదవి విరిచాడు.

"సొంతానికి వాడతారా, అద్దెకీ కూలీలకీ వాడతారా? సొంతానికైతే ఒక రేటు. కూలీలని ఎక్కిస్తే అది వేరే బీమా, చాలా ఎక్కువవుతుంది. ఇందులో అబద్ధం చెబితే రేపు నష్టం అడగడానికి ఉండదు."

"సొంతానికేనండి. నానూ, మా ఇంటోల్లూ," అన్నాడు కంట్రాక్టరు. ఆయన ఇంటివాళ్ళు జన్మలో కొండెక్కలేదు. కూలీలు కంచె అవతల నిలబడి చూస్తున్నారు. ఊడదీసిన వెనకసీటుని ఆ పొద్దున్నే మళ్ళీ బిగించాం.

తర్వాత ఏజెంటు వంగి మడ్‌గార్డు కింద వేలుపెట్టి గీకాడు. వేలు వాసన చూశాడు.

"రక్తం. దేన్ని గుద్దావయ్యా?"

కంట్రాక్టరుకి నిజం తెలుసు. పొద్దున ఆయన చూస్తూ నవ్వాడు కూడా. ఇప్పుడు ఆకాశం వైపు చూస్తున్నాడు. మామ మెట్టు దిగాడు. నా నాలుక చివర 'కోడి' అనే మాట ఉంది. అది రోడ్డు మీద గుద్దిన కోడే అని చెప్పినా చాలు. కాని మా కొండల్లో చక్రానికి కోడి రక్తమంటే అర్థం ఒక్కటే, దేవుడికి బలి. ఆ మాట నా నోట్లోంచి వస్తే మామకి అంతా తెలిసిపోతుంది. నా ఇల్లూ, నా భార్య బడీ అక్కడికక్కడే పోతాయి.

"మేకండి," అన్నాను.

"ఎప్పుడు?"

"ఇయ్యాల పొద్దున్న."

ఏజెంటు లేచి నిలబడి చేతిరుమాలుతో వేలు తుడుచుకున్నాడు. అప్పుడు మొదలైంది పాఠం. నన్ను పక్కన పెట్టుకుని, నాకు వినపడదన్నట్టు కంట్రాక్టరుతో చెప్పాడు.

"చూడండి, బండి ఎంత మంచిదైనా రేటు నిర్ణయించేది నడిపేవాడే. వీడికి వయసు లేదు. పట్నంలో నడిపిన అనుభవం లేదు. పైగా మేకని గుద్దాడు. మేకని గుద్దినవాడు మనిషిని గుద్దడని ఏముంది? ఏడాదంతా ఏ నష్టమూ అడగకపోతే కంపెనీ తగ్గింపు ఇస్తుంది. వీడితో మీకా తగ్గింపు దక్కదు. ఇలాంటి డ్రైవరు ఉంటే మేము రేటు మీద ఇంకొంత మొత్తం వేస్తాం."

"డ్రైవర్ని మార్చేత్తే?"

"అప్పుడు మామూలు రేటే."

సంతలో గొడ్డు పళ్ళు చూసి బేరమాడేవాళ్ళు కూడా గొడ్డు వైపు ఒకసారి చూస్తారు. వీళ్ళు నా వైపు చూడలేదు. కంట్రాక్టరు చెయ్యి చాపాడు. నేను హ్యాండిలు ఆయన చేతిలో పెట్టాను. మామ నా దగ్గరికొచ్చి మెల్లిగా అన్నాడు.

"ఆ మేక ఎవరిదో కనుక్కుని పరిహారం ఇచ్చెయ్యి నాయనా. దేవుడు చూస్తుంటాడు."

ఆయన అలా అన్నందుకు ఆ క్షణాన ఆయన్ని గెడ్డలో తొయ్యాలనిపించింది.

కొత్త డ్రైవరు పట్నం నుంచి వచ్చాడు. సముద్రం ఒడ్డున దొరల మోటారు నడిపినవాడు. మంచి సర్టిఫికెట్లు, ఇస్త్రీ చొక్కా. ఏజెంటుకి తెగ నచ్చాడు. పొగమంచు అంటే ఏమిటో ఎరగడు. మంచు పడితే హారను మోగిస్తూ వేగంగా పోతే తప్పించుకోవచ్చని అతని లెక్క. నేను దుంగలు మోసే కూలీగా అదే కంట్రాక్టరు దగ్గర చేరాను. మిగతా కూలీలు వెనకసీటు మళ్ళీ ఊడదీసిన ఆ మోటారులో వెళుతుంటే నేను నడిచి వెళ్ళేవాణ్ణి. నా పౌరుషం అది. ముసలాయన మోటారులోంచి చెయ్యి ఊపేవాడు.

మంచు కాలంలో ఒక పొద్దున, ఘాటు మలుపులో మోటారు పడిపోయింది. డ్రైవరు దూకేశాడు, చెయ్యి విరిగింది. మిగతా కూలీలు ఇంకా ఎక్కలేదు, వెనక ఉన్నవాళ్ళు ఇద్దరే, ముసలాయనా, కోడలూ. వాళ్ళకి దూకడానికి తలుపు కూడా లేదు. మేమే లోయలోకి దిగి ఇద్దర్నీ పైకి తెచ్చాం. ముసలాయన చెయ్యి ముందుకి చాపి ఉంది. అతను ఎవరి భుజం మీద వేద్దామనుకున్నాడో నాకు తెలుసు. నేను అక్కడే కూర్చుని గొడ్డులా ఏడ్చాను.

కంట్రాక్టరు తెలివైనవాడు. డ్రైవర్ని వెంటనే పట్నం ఆసుపత్రికి పంపేశాడు. నోరు విప్పితే పని ఉండదని కూలీలకి చెప్పాడు. వెనకసీటు తెప్పించి లోయలో మోటారు పక్కన పడేయించాడు. ఏజెంటు మళ్ళీ ఎడ్లబండిలో దిగాడు. మళ్ళీ మిషను బంగళాలో గుడ్లు తిన్నాడు. కొండవాళ్ళ భాష ఆయనకి రాదు కనక, కూలీల మాటలు ఆయనకి తెలుగులో చెప్పడానికి నన్ను రమ్మన్నారు. మిషను తెల్ల చొక్కా తొడుక్కుని మామ కూడా మాతో మలుపు దాకా వచ్చాడు.

దారిలో కంట్రాక్టరు నన్ను పక్కకి లాగాడు.

"కొత్త బండి వత్తాది. స్టీరింగు నీదేరా. నువ్వేటీ సెప్పొద్దు, నాను సెప్పిందానికి ఊ అను, సాలు."

స్టీరింగు. ఆ మాట వినగానే నా చేతులు దాని చుట్టూ బిగుసుకున్నాయి. నిజం చెబుతున్నాను, నాకు అది కావాలి. అన్నం కంటే ఎక్కువ కావాలి.

లోయలో ఏజెంటు మోటారు వెనకభాగాన్ని తడిమాడు. రక్తం ఎండి నల్లబడి ఉంది, చాలా ఉంది.

"ఇదేమిటి? వెనక ఎవరున్నారు?"

"మేకలండి," అన్నాడు కంట్రాక్టరు, నా వైపు చూస్తూ. "పండగకని రెండు మేకల్ని తెప్పించినాను."

ఏజెంటు నా వైపు తిరిగాడు. నవ్వాడు కూడా.

"నువ్వే కదూ మేక డ్రైవరువి? నువ్వు చెప్పు. ఇవి మేకలేనా?"

నేను మామ వైపు చూశాను. తర్వాత ఎవరి వైపూ చూడలేదు.

"మేకలు కావండి. మనుషులు. ఒక ముసలాయన, ఆయన కోడలు. రోజూ ఎక్కేవారు." ఆగుదామనుకున్నాను. ఆగలేకపోయాను. "అప్పుడూ మేక కాదండి. కోడి. బీమా అంటే భీముడనుకుని ఆ ముసలాయనే తెచ్చాడు. నేను కాళ్ళు పట్టుకున్నాను."

మామ తన చొక్కా గుండీలు తడుముకుంటూ పైకి ఎక్కడం మొదలుపెట్టాడు.

అబద్ధం చెప్పి చేయించిన బీమా చెల్లదని కంపెనీ తేల్చింది. కంట్రాక్టరుకి పైసా రాలేదు. ముసలాయన వాళ్ళకి ఎలాగూ ఎవరూ ఏమీ ఇవ్వరు. భార్యా, తండ్రీ పోయిన ముసలాయన కొడుకుని మర్నాడే పనిలోంచి తీసేశారు. నా వల్లే. వాడు నన్ను తిట్టలేదు, నా మొహం చూడడం మానేశాడు. ఆదివారం మామ సంఘం ముందు వెలివేసినవాడిగా నా పేరు చదివాడు. వారం తిరగకుండా మిషను గది ఖాళీ చేశాం. నా భార్య పలకలు బడిలోనే వదిలేసి వచ్చింది.

ఇప్పుడు కుర్రాళ్ళు అడిగితే నేను అన్నీ చెబుతాను. బండి ఖరీదు, గుర్రాల బలం, షెడ్డు, రోడ్డు, సొంతానికా అద్దెకా, నడిపేవాడి వయసు, పాత ప్రమాదాలు. అన్నీ సరిగ్గానే చెబుతాను. ఆ మోటారులో ఎక్కినవాళ్ళందరి కోసం బీమా కట్టినవాడు మాత్రం ఒక్క ముసలాయనే. ఊరిని లేపే తన కోడిని కట్టాడు. దాన్ని కూడా నేను మేక అని చెప్పాను.